వీణకు మేళము కట్టుట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయము 25 ఏండ్లు పూర్తిచేసికొన్నది. బీరువాలనుగూర్చి, దాతలనుగూర్చి, పోయిన పుస్తకములనుగూర్చి ముందు మాటలాడిన పెద్దలు చెప్పియేయున్నారు. వారు చెప్పక విడిచిన వస్తు వొక్కటి కలదు. పడమటి గదిలో పాత వార్తాపత్రికల కట్టలమీద, దుప్పటిలో చుట్టిపెట్టిన వీణ. అది యేయింటినుండి వచ్చినదో ఈ సభలో చాలమంది కెరుకయే. ఆ యింటి పెద్దమ్మగారు గతించిన పిమ్మట కుమారులు దానిని తెచ్చి గ్రంథాలయమున కప్పగించిరి. దాని నెక్కడ నుంచవలెనో తెలియక రేకుల కప్పుగల గదిలో నుంచిరి. రెండు వేసవులు గడచినవి. మెట్లను పట్టియుంచు మైనము మెత్తబడి, కొన్ని మెట్లు ఒకప్రక్కకు క్రుంగినవి, కొన్ని వాలినవి. మేరువుదగ్గరి నాలుగు మెట్లు మాత్రము తిన్నగా నిలిచియున్నవి.

రజతోత్సవమునకు మిగిలిన సొమ్ముతో ఆ వీణను బాగుచేయింపవలెనని కార్యవర్గము తీర్మానించినది. అంతవరకు వివాదము లేదు. ఎట్లు బాగుచేయించుట యనుదానియందే రెండు పక్షములు. మైనముతో మరల మేళము కట్టించుట యొక పక్షము. మైనమును పూర్తిగా తీసివైచి, మెట్లను మరమేకులతో కొయ్యకు బిగించుట రెండవ పక్షము. రెండవదానికి ఖర్చు తక్కువ, వేసవికి వెరవు లేదు. అయినచో మొదటిదాని నెందుకు కోరవలెను?

ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ముందు మరియొక ప్రశ్నను చెప్పవలసియున్నది. మొన్నటి సంక్రాంతికి ఈ యూరి ఆడపడుచు కుమార్తె యొకతె అమెరికానుండి తల్లితో వచ్చెను. పండ్రెండేండ్ల పిల్ల. ఆమెచేతిలో ఉకులేలే యను చిన్న వాద్యము. గిటారును నీటిలో ఉడికించి కుదించినట్లుండును. ఆ పిల్ల అక్కడ సంగీతము నేర్చుకొనుచున్నది, నోటితో తోడి చక్కగా పాడును. తాతగారు చిన్నతనమున వీణ నేర్చినవారు. అరుగుమీద ఆయన ప్రక్కన కూర్చుండి, ఆ వాద్యముమీద తోడి పలికింపబోయి, సగములో ఆపి, "తాతయ్యా, మెట్లన్నీ సరిగానే నొక్కుతున్నాను, కాని ఇది తోడిలాగా లేదేమి?" అని యడిగెను. ఆయన నవ్వి, "దానికి తోడి రాదమ్మా" అనెను. పిల్ల ఊరకుండలేదు. "ఎందుకు రాదు? అందులోనూ పన్నెండు, వీణలోనూ పన్నెండేగా?" అనెను. తాతగారు మరల నవ్విరి. నవ్వు సమాధానము కాదు.

పిల్ల యడిగినది మంచి లెక్క. ఉకులేలేమీద స్థాయికి పండ్రెండు మెట్లు, వీణమీద స్థాయికి పండ్రెండు మెట్లు. ఒకదానిమీద పలికిన రాగము రెండవదానిమీద ఏల పలుకదు? ఈ ప్రశ్నయు, కార్యవర్గముముందున్న ప్రశ్నయు వేరువేరుగా కనబడుచున్నవి గాని ఒక్కటియే.

ఉకులేలే నేడు హవాయి ద్వీపముల వాద్యమని పేరొందినది. పుట్టినిల్లు మాత్ర మది కాదు. అట్లాంటిక్ సముద్రమున పోర్చుగీసువారి మదీరా యను ద్వీపము కలదు. 1879 ఆగస్టు మాసమున రేవన్‌స్క్రాగ్ అను ఓడలో మదీరావాసులు కొందరు హొనొలూలూ రేవున దిగిరి. తెలుగుసీమనుండి మారిషసుకును, నేటాలునకును చెఱకుతోటల పనికి పోయిన కూలీలవంటివారే వీరును. పోయినవారు తమవెంట తమ పాటను తీసికొనిపోవుట లోకమున సహజము. మదీరావారితో మషేటె యను నాలుగు తంత్రుల చిన్న వాద్యము పోయినది. ఆ ఓడలో వచ్చినవారిలో మాన్యుయెల్ నూనిష్, అగస్తో డియాస్, జోసె దొ ఎస్పిరితో శాంతో అను ముగ్గురు కొయ్యపని తెలిసినవారు. వారు హవాయిలో దొరకు కోవా యను కొయ్యతో ఈ వాద్యములను చేసిరి. ఆనాటి రాజు కలాకౌవా వానిని ఆదరించెను. ఎగిరిపడు పురుగు అని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. వాయించువాని వ్రేళ్ళను చూచినవా రట్లనియుందురు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన ప్రదర్శనముతో అమెరికా యంతట వ్యాపించినది.

తొలినాటి ఉకులేలేలకు మెట్లపలక యనునది వేరుగా లేదు. మెడకొయ్యలోనే సన్నని గాళ్ళు కోసి, లోహపు మెట్లను దిగగొట్టెడివారు. అట్టివి సాధారణముగా పండ్రెండు. మెట్టు కొయ్యకంటె కొంచెము మాత్రమే పైకి నిలుచును. వ్రేలు తంత్రిని నొక్కినప్పుడు ఆ వ్రేలు కొయ్యను తాకును. ఈ చిన్న విషయమును గుర్తుంచుకొనవలెను. తరువాత వచ్చిన శిల్పులు ఎన్నియో మార్పులు చేసిరి. మెడమీద వేరొక గట్టికొయ్య పలకను అతికిరి. కొందరు ఆ పలకను అడ్డముగా కొంచెము గుండ్రము చేసిరి. అట్లు చేసినచో చూపుడువ్రేలిని అడ్డముగా పరచి నాలుగు తంత్రులను ఒక్కసారి నొక్కుట సులువు. కొందరు మెట్లను సమాంతరముగా గాక విసనకఱ్ఱ పుల్లలవలె విచ్చుకొనునట్లు పెట్టిరి. అందువలన మంద్రపు తంత్రి పొడవుగాను, హెచ్చు తంత్రి పొట్టిగాను అమరును. 1999లో అమెరికాలో మెట్లతోసహా పలకనంతయు ప్లాస్టిక్కుతో పోతపోసిన వాద్యము వచ్చినది. పోతమెట్టు స్థానము తప్పదు, కాని అరిగినచో దానిని తీసి వేరొకటి పెట్టుటకు వీలులేదు. మెట్లే లేని మంద్రపు ఉకులేలేలుకూడ ఉన్నవి.

ఇన్ని విధముల మార్చినను, అన్నిటియందును మెట్టు పొట్టిదే. దానికి కారణము కలదు. ఉకులేలే ముఖ్యముగా మూడునాలుగు స్వరములను ఒకేసారి మీటి, ఆ కలయికపై పాట పాడుకొనుటకు పుట్టినది. నాలుగు వ్రేళ్ళు నాలుగు చోట్ల నొక్కుచుండగా మెట్టు ఎత్తుగా నున్నయెడల, ఒక వ్రేలు గట్టిగాను మరియొకటి మెల్లగాను నొక్కినంతనే ఆ తంత్రుల శ్రుతి తలకొక దారి పట్టును. కావున ఆ వాద్యమునకు పొట్టిమెట్టు గుణమే గాని లోపము కాదు. తోడి రాలేదని దానిని నిందించుట, నాగలి పాదమున నీళ్ళు నిలువలేదని నిందించుటవంటిది.

ఇక లెక్క. మెట్టు ఎక్కడ పెట్టవలెను? సులువుకొరకు మేరువునుండి గుఱ్ఱమువరకు తంత్రి 36 అంగుళము లనుకొందము. సరిగా సగమున, అనగా 18 అంగుళములకడ, పై షడ్జము పలుకును. ఈ సగమును పండ్రెండు మెట్లుగా పంచవలెను. సమభాగములుగా పంచరాదు. తంత్రి పొడవును 17.817 చేత భాగించి వచ్చినంత దూరమున మొదటి మెట్టు, మిగిలిన పొడవును మరల అదే అంకెతో భాగించి రెండవ మెట్టు, ఇట్లు పండ్రెండు మారులు. మొదటి మెట్టునకు దూరము 2.02 అంగుళములు. పండ్రెండవ మెట్టునకు వచ్చునప్పటికి ఎడము 1.07 అంగుళములు. ఇరువదినాలుగవ మెట్టుకడ అర అంగుళమునకు కొంచె మెక్కువ. ఏటేట మిగిలినదానిపై తరుగు కట్టు లెక్క తెలిసినవారికి ఇది క్రొత్త కాదు. పూర్వము పాశ్చాత్యులు 18 చేత భాగించెడివారు. 16వ శతాబ్దమున ఇటలీలో విన్సెంజో గలిలీ ఈ పద్ధతిని చెప్పెను. దుర్భిణితో గురుగ్రహపు చంద్రులను చూచిన గలిలియో ఈతని కుమారుడే. 18 చేత భాగించినచో పండ్రెండవ మెట్టు సగమునకు అంగుళములో ఎనిమిదవ వంతు ఇవతలనే పడును. తంత్రిని నొక్కినప్పుడు బిగువు పెరిగి శ్రుతి కొంచెము హెచ్చును గనుక, ఆ తక్కువ ఈ ఎక్కువతో చెల్లుకు చెల్లు అయ్యెడిది.

అయితే చెవికి ఇంపైన స్వరములు ఈ సమపంపకమున సరిగా పడవు. 36 అంగుళముల తంత్రిమీద శుద్ధమైన పంచమము 12 అంగుళములకడ పలుకును. సమపంపకపు మెట్టు 11.97 కడ నుండును. ఇది వెండ్రుకవాసి, విడువవచ్చును. శుద్ధమధ్యమము 9 అంగుళములకడ, మెట్టు 9.03 కడ. ఇదియు అంతే. కాని అంతరగాంధారమునకు వచ్చునప్పటికి, శంకరాభరణమును పాడు గాయకుని గొంతు నిలుచు స్థానము 7.20 అంగుళములు, మెట్టు పడునది 7.43. ఇంచుమించు పావు అంగుళము తేడా. గట్టుతగాదాలో పావు అంగుళమును ఎవ్వడును లెక్కింపడు. చెవి లెక్కించును.

ఈ చిక్కును సంగీతశాస్త్రజ్ఞులు మిక్కిలి పూర్వమే ఎరుగుదురు. భరతుని నాట్యశాస్త్రమున రెండు వీణల పరీక్ష చెప్పబడినది. రెంటిని ఒకే శ్రుతిలో కట్టి, ఒకదానిని కదల్పక నుంచి, రెండవదానిని ఒక్కొక్క శ్రుతి దింపుచు పోయి, ఎక్కడ ఏ స్వరము ఏ స్వరముతో కలియునో చూచి స్థాయికి ఇరువదిరెండు శ్రుతులని నిర్ణయించిరి. అవి మెట్లులేని వీణలు, స్వరమున కొక తంత్రి. మెట్లు లేనంతకాలము ఎన్ని శ్రుతులైనను ఉండవచ్చును. మెట్టు వచ్చిన పిమ్మటనే సంసారము మొదలైనది.

ఏలనన, మెట్టు ఒక్క తంత్రిక్రింద నుండునది కాదు. అన్ని తంత్రులక్రిందను అడ్డముగా పోవును. విజయనగర సామ్రాజ్యమున అళియ రామరాయల ఆశ్రయము నొందిన రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి యను గ్రంథమును రచించెను. అందు శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాయల పేర వెలసిన అచ్యుతరాజేంద్రమేళ వీణ అని మూడు విధముల వీణలను చెప్పెను. శుద్ధమేళ వీణకు షడ్జము, పంచమము, మరల షడ్జము, మధ్యమము అని నాలుగు తంత్రులు. మొదటి తంత్రిక్రింద ఆరు మెట్లు. ఏడవది అక్కరలేదు, రెండవ తంత్రియే పంచమము గదా. ఇంతవరకు సుఖముగనే యున్నది. కాని షడ్జపు తంత్రిక్రింద శుద్ధగాంధారము పలుకుటకై పెట్టిన రెండవ మెట్టే, మధ్యమపు తంత్రిక్రింద పంచమమును పలుకవలెను. ఆనాటి శుద్ధగాంధారమే నేటి చతుశ్శ్రుతి రిషభము. ఒక్క మెట్టు ఇద్దరు యజమానులకు కొలువు చేయవలెను. ఒకనికి సరిపడునట్లు జరిపినచో రెండవవానికి తప్పును.

రామామాత్యుడు దీనికి సాహసముతో కూడిన తీర్పు చెప్పెను. అంతరగాంధారమునకు వేరు మెట్టు పెట్టక, దానికి ఒక్క శ్రుతి దూరముననున్న చ్యుతమధ్యమ గాంధారపు మెట్టుననే దానిని పలికింపవచ్చు ననెను. కాకలినిషాదమునకును అట్లే చేసెను. శాస్త్రమున వేరుగానున్న రెండు స్వరములు మెట్టుమీద ఒకటైనవి. శాస్త్రము వాద్యమును దిద్దునని అందరును అనుకొందురు. ఇచ్చట వాద్యము శాస్త్రమును దిద్దినది. తరువాతి శాస్త్రకారులలో వేంకటమఖి ఈతనిని మిక్కిలి కఠినముగా ఖండించెను. ఎంత ఖండించినను ఆ మఖివర్యుడును మెట్లమీదనే నడిచెను.

రామామాత్యుడు చెప్పిన మరియొక భేదము నేటి తగవునకు దగ్గరిది. ఏకరాగమేళ వీణ, సర్వరాగమేళ వీణ అని. ఏకరాగమేళమున ఒక రాగమునకు కావలసిన స్వరములకే మెట్లు. రాగము మారినచో మెట్లను జరుపుకొనవలెను. సర్వరాగమేళమున అన్ని స్థానములకును మెట్లుండును, దేనిని జరుపనక్కరలేదు. ఉత్తరదేశమున సితారు నేటికిని మొదటి జాతికి చుట్టము. దాని మెట్లు ఇత్తడి వంపుకడ్డీలు, దారముతో దండికి కట్టబడియుండును. వాయించువాడు రాగమునుబట్టి గాంధారపు మెట్టును క్రిందికో మీదికో జరుపుకొని, చెవికి కుదిరిన పిమ్మట మొదలుపెట్టును. అందులో సుఖ మున్నది. గాంధారము ఆ రాగమునకు తగినట్లు వచ్చును. కష్టమును ఉన్నది. ఒక రాగమునుండి మరియొక రాగమునకు పోవలసిన కచేరీలో మాటిమాటికి మెట్లు సరదుకొనవలెను.

దక్షిణదేశము రెండవ దారి పట్టినది. తంజావూరు నేలిన రఘునాథ నాయకుని కాలమున, 1600 మొదలు 1634 వరకు, ఇరువదినాలుగు మెట్లు కదలకుండ స్థిరపరచిన వీణ వెలసినదని పెద్దలు చెప్పుదురు. రఘునాథుడు తెలుగు కవి. ఆయన మంత్రి గోవిందదీక్షితులు సంగీతసుధను కూర్చిన పండితుడు. దీక్షితుల కుమారుడే పైని చెప్పిన వేంకటమఖి. ఆయన చతుర్దండిప్రకాశిక వీణాప్రకరణముతోనే మొదలగును. స్థాయికి పండ్రెండు మెట్లు స్థిరపడిన పిమ్మట, వానితో ఎన్ని మేళములు కట్టవచ్చునని లెక్క వేయుట సాధ్యమైనది. పూర్వాంగమున ఆరు విధములు, ఉత్తరాంగమున ఆరు విధములు, రెండు మధ్యమములు. ఆరును ఆరును హెచ్చించి రెండింతలు చేసిన డెబ్బదిరెండు. తెలుగుదేశమున నేటి పిల్లలు వల్లించు మేళకర్తల పట్టిక వెనుక వీణదండిమీది పండ్రెండు ఇత్తడి కడ్డీలున్నవి.

మరి ఆ పావు అంగుళపు తేడా మాట యేమి? స్థిరమైన మెట్టు పెట్టినందున స్వరము స్థిరపడిపోలేదా? తోడి గాంధారము ఒకచోట నిలుచునది కాదు. క్రింద రిషభమువైపునకు వంగి, పైన మధ్యమమును తాకుచు ఊగుచుండును. పండ్రెండు మెట్లలో దానికి ఇల్లు లేదు. ఇందుకు వీణశిల్పి చూపిన ఉపాయమే ఆ వాద్యమునకు ప్రాణము.

వీణదండిమీద మెట్లు కొయ్యలో దిగగొట్టబడవు. దండి రెండు అంచులమీద మైనపు గట్లు పోయుదురు. తేనెమైనమున బొగ్గుపొడియో మసియో కలిపి నూరిన నల్లని ముద్ద. ఆ రెండు గట్లమీద, కాలువమీద వేసిన వంతెనవలె, ఇత్తడి మెట్టు అడ్డముగా నిలుచును. మెట్టుక్రింద బోలు. వ్రేలు తంత్రిని నొక్కినప్పుడు కొయ్య తగులదు, గాలియే తగులును. ఉకులేలేయందు వ్రేలికి కొయ్య తగులునని ముందు చెప్పిన మాటను ఇక్కడ గుర్తుచేసికొనవలెను. మెట్టు వెడల్పుగాను, పైభాగము గుండ్రముగాను, నున్నగాను ఉండును. కావున తంత్రిని నొక్కిపట్టి మెట్టువెంట ప్రక్కకు లాగవచ్చును. లాగినకొలది బిగువు పెరిగి స్వరము ఎక్కును. ఒక్క మెట్టుమీద నిలిచి మూడు నాలుగు స్వరస్థానములపైకి ఎక్కి దిగవచ్చును. లాగు పరిమాణమునుబట్టి, ఇరువదిరెండు శ్రుతులలో ఏ శ్రుతియైనను, వానిమధ్య నున్నదైనను పలుకును. మెట్టు అంచనా మాత్రమే, స్వరమును తేల్చునది వ్రేలు. రిషభపు మెట్టుమీద నిలిచి తంత్రిని లాగి తోడి గాంధారమును ఊపిన వైణికునికి గాంధారపు మెట్టు ఎక్కడ నున్నదను చింత లేదు.

కోనసీమవైపు ద్రాక్షారామమున 1922లో జన్మించిన ఈమని శంకరశాస్త్రిగారి వాద్యమును ఆకాశవాణిలో విన్నవారు ఈ లాగుడు ఎంతవరకు పోగలదో ఎరుగుదురు. ఒక్క మీటున స్వరము పుట్టి, మరల మీటకుండగనే వాక్యమంతయు పలుకును. ఆయన శిష్యులు కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారు (1936–1996) ఆ తంత్రిలాగుడుతోనే కోకిలను కూయించిరి. మెట్టుక్రింద బోలు లేనిచో ఆ కోకిల లేదు.

ఇప్పుడు పిల్ల ప్రశ్నకు జవాబు దొరకినది. ఉకులేలేయందు మెట్టు పొట్టి, పలక సన్నము. నాలుగు తంత్రులు ఇరుకుగా నుండుటచే ఒకదానిని లాగినచో ప్రక్కదానిని తాకును. అది యట్లుండగా, తంత్రి నైలాను. ఉక్కుతంత్రి కొంచెము లాగినంతనే బిగువు చాల పెరుగును. నైలాను సాగును గాని, లాగినంత మేర శ్రుతి ఎక్కదు. పండ్రెండు మెట్లు రెంటికిని సమానమే. మెట్టుకును మెట్టుకును నడుమనున్న దారి ఒకదానికి తెరచియున్నది, రెండవదానికి మూసియున్నది. తోడి ఆ దారిలోని రాగము.

మూసియున్న దారిని తెరచినవారును ఉన్నారు. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ మాండలిన్‌మీద కర్ణాటకసంగీతము వాయించి బాల్యముననే లోకప్రసిద్ధు డయ్యెను. 2014లో అకాలమరణము నొందెను. మాండలిన్‌కు నాలుగు జంటలుగా ఎనిమిది తంత్రులు. జంటతంత్రులను కలిపి లాగినచో రెండును ఒకే విధముగా ఎక్కవు, గమకము చెదరును. ఆయన జంటలను తీసివైచి ఐదు ఒంటితంత్రుల విద్యుత్ మాండలిన్‌ను అవలంబించెను. మెట్లను మార్పక తంత్రులను మార్చి దారి చేసికొనుట ఇది. ఇంగ్లండు దేశస్థుడు జాన్ మెక్‌లాగ్లిన్ మెట్లపలకనే మార్చెను. అమెరికాలో ఎస్. రామనాథన్‌గారివద్ద వీణ నేర్చినవాడు. 1970ల మధ్యలో శక్తి యను బృందమున వాయించుటకు, మెట్లనడుమ కొయ్యను దోనెవలె తొలిపించిన గిటారును చేయించుకొనెను. వ్రేలిక్రింద కొయ్య పోయి గాలి వచ్చినది. తంజావూరు శిల్పి మైనపు గట్లతో చేసినదానినే ఆ శిల్పి ఉలితో చేసెను. అందువలన ఆ గిటారుమీద గమకము సులువైనది. మెత్తగా నొక్కనిచో స్వరములు హెచ్చిపోవుటయు దానివెంటనే వచ్చినది. ఏ పలకయు అన్నియు ఈయదు.

మెట్లను మొత్తముగా తీసివైచినవారును కలరు. గోటువాద్యము, దీనినే చిత్రవీణ యందురు, వీణవలెనే యుండి మెట్లు లేనిది. నున్నని కొయ్యకడ్డీని తంత్రులపై జార్చి వాయింతురు. పైని చెప్పిన బాధలన్నియు దీనికి లేవు. కాని ఎక్కడ నిలువవలెనో చూపు గుఱుతు ఒక్కటియు లేనందున, చేయి రవ్వంత జారినను అపశ్రుతియే. ఈత రానివానికి గట్టులేని చెఱువు. అందుచేతనే దానిని సాధించినవారు మిక్కిలి కొలదిమంది.

ఇంకొక ప్రక్క హార్మోనియము. అందు స్వరము స్థిరము, లాగుటకు తంత్రియే లేదు. ఆకాశవాణి 1940 మొదలు 1971 వరకు దానిని దూరముగా నుంచుటకు చెప్పిన కారణములలో ఇది యొకటి. గ్రామములలో భజనలును, నాటకములును దానిని విడువలేదు. ఆ పద్యనాటకముల గొప్పతనమును ఎవ్వరును కాదనలేరు. ఆ నిషేధము కొంత అతియే. అయినను స్థిరస్వరమున కొక మేర యున్నదను మాట మాత్రము నిజము.

ఇక పడమటి గదిలోని వీణ మాట.

మరమేకుల పక్షమువారు చెప్పునది తేలికగా త్రోసివేయదగినది కాదు. తేనెమైనము 62 మొదలు 64 డిగ్రీలకడ కరుగును. అంతకు చాల ముందే మెత్తబడును. రేకులక్రింద మేనెల మధ్యాహ్నమున ఏమగునో ఇప్పటికే చూచియున్నారు. మేళము కట్టువారు సమీపమున లేరు. బొబ్బిలివద్ద గొల్లపల్లినుండియో, నూజివీడునుండియో పిలిపింపవలెను. వచ్చినవారికి బస, భోజనము, కూలి. కొన్నియేండ్లకు మరల అదే ఖర్చు. పట్నములలో మైనము లేని వీణలు వచ్చినవి, వానిని పెద్ద విద్వాంసులును వాయించుచున్నారు. ప్రయాణములకు అవి మేలు.

కాని మెట్టు స్థానము లెక్కలో దొరకు వస్తువు కాదు. పైని చెప్పిన 17.817 కాగితముమీద సరియైనది. వీణమీద మెట్టు ఎత్తుగా నుండుటచే నొక్కినంతనే తంత్రి బిగువు పెరుగును. గుఱ్ఱమువైపు పోవుకొలది తంత్రికిని మెట్టునకును ఎడము మారును. దండి ఏండ్లు గడచినకొద్ది కొంచెము వంగును. సారణి ఒక మందము, అనుమంద్రము మరియొక మందము. ఇవన్నియు కూడి మెట్టును కాగితముచెప్పిన చోటునుండి జరుపుచుండును, అదియు ఏ రెండు వీణలయందును ఒకే విధముగా కాదు. ఉకులేలే శిల్పి ఈ తేడాను గుఱ్ఱమును కొంచెము వెనుకకు జరిపి సర్దుబాటు చేయును. పొట్టిమెట్లకు అది చాలును. వీణశిల్పి అట్లు చేయలేడు. మెత్తని మైనమున మెట్టును నిలిపి, తంత్రిని మీటి, చెవి యొగ్గి విని, వెండ్రుకవాసి జరిపి, మరల మీటి, నాలుగు తంత్రులమీదను పలికించి చూచి, అప్పుడు గట్టిగా అదిమి విడుచును. రామామాత్యుని ఇద్దరు యజమానుల తగవును మెట్టునకు మెట్టు విడిగా తీర్చుచు పోవును. ఇరువదినాలుగు తీర్పులు. దీనికి ఒకటి రెండు దినములు పట్టును.

మరమేకునకు రంధ్రము ముందే పడవలెను. పడిన పిమ్మట తీర్పు మారదు. పట్నపు వీణలలో మెట్టును జరుపుటకు గాడి విడుచు ఏర్పాట్లున్నవి. ఇచ్చట తక్కువ ఖర్చున చేసెద నన్నవాడు అట్టి గాడిని గూర్చి యెరుగడు. అంగుళములబద్దతో కొలిచి రంధ్రములు వేసెద ననెను. ఏకాండి పనసకొయ్య దండిలో నలువదియెనిమిది రంధ్రములు. రేపు ఎవరైన వైణికులు వచ్చి, మేళము తప్పినది, సరిచేయుడని కోరినచో, రంధ్రముప్రక్కనే రంధ్రము వేయుటకు చోటుండదు. మైనము కరగినచో మరల పోయవచ్చును. రంధ్రమును పూడ్చుట కష్టము. ఈ రెండు నష్టములు ఒకే త్రాసులో తూగునవి కావు.

మరియొక సంగతి. దుప్పటి విప్పి ఆ మెట్లను దగ్గరగా చూచినవారికి, మూడవ మెట్టునుండి ఏడవ మెట్టువరకు ఇత్తడిమీద సన్నని గాళ్ళు కనబడును. అవి శిల్పి పెట్టినవి కావు. ఉక్కుతంత్రిని అదే చోట ఏండ్లతరబడి ప్రక్కకు లాగినందున పడినవి. ఆ పెద్దమ్మగారు వేకువను వాకిలి ఊడ్చుటకు ముందు వీణ వాయించెడివారని వీధివారు చెప్పుదురు. మేళము కట్టువాడు ఆ మెట్లను ఆకురాతితో నున్నన చేయనిదే తంత్రి సరిగా జారదు. నున్నన చేసిన పిమ్మట ఎత్తు తగ్గును గనుక, ఆ ఐదు మెట్లక్రింద మైనమును ఆ మేరకు పెంచి పోయవలెను. మైనమునకే సాధ్యమైన పని యిది.

ఖర్చు తేడా ఎంతయో కార్యదర్శిగారివద్ద కాగితము కలదు. ఆ మొత్తము పెద్దది కాదు. పిల్ల తాతగారు అందులో సగము తామిచ్చెదమని నిన్న సాయంకాలము కబురు పంపిరి. ఈ సంవత్సరము కార్తీకమాసమున, ఎండ తగ్గిన పిమ్మట మేళగానిని పిలిపించుట మంచిది, మైనము తిన్నగా గట్టిపడును. అతడు పనిచేయు దినములలో పఠనమందిరమున రేడియో మ్రోగరాదు, ఆవరణలో పిల్లల ఆటలు కూడదు. అతనికి కావలసినది నిశ్శబ్దము. పని ముగిసిన పిమ్మట వీణ పడమటి గదికి తిరిగి పోరాదు. ఉత్తరపు గదికి పెంకుటికప్పు ఉన్నది. అందులోని పాత కుర్చీలను పడమటి గదిలోనికి మార్చినచో చోటు చాలును.